గీత నేలను తాకే చోట్లు

మా మనవరాలు పదో తరగతి చదువుతోంది. మొన్న సాయంత్రం లెక్కల పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుని, "తాతా, వర్గ ప్రమేయానికి అంతరఖండాలు కనుక్కోమన్నరు. కనుక్కున్న. ఇప్పుడు వాటితోటి ఏం జెయ్యాలె?" అని అడిగింది. లెక్కలో తప్పేమీ లేదు. సూత్రం వచ్చు, గుర్తులు తారుమారు కాలేదు, పుస్తకం వెనకున్న జవాబుతో సరిపోయింది కూడా. అయినా పిల్ల చేతికి ఏమీ చిక్కలేదు. ఇంత మంచి ప్రశ్న అడిగిన పిల్లకు "పరీక్షలో వస్తుంది, రాసెయ్" అని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఆ పూట మేమిద్దరం మాట్లాడుకున్న కబుర్లే ఇంకొంచెం కలిపి మీకూ చెబుతున్నాను. మీ ఇళ్లలోనూ పదో తరగతి పిల్లలు ఉండే ఉంటారు.

మాది శాలిబండ. పాతబస్తీ పిల్లలకు ఎత్తు అంటే ముందు గుర్తొచ్చేది చార్మినారే గనక లెక్క అక్కడే మొదలుపెట్టాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడానికి నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమానులు. ఒక్కోదాని వెడల్పు సుమారు 11 మీటర్లు, కొన దాకా ఎత్తు సుమారు 20 మీటర్లు. ఆ 20 మీటర్ల ఎత్తున నిలబడి ఒక బంతిని నిట్టనిలువుగా పైకి విసిరామని మనసులో అనుకోండి. మనసులోనే సుమా, నిజంగా అక్కణ్నుంచి ఎవరూ ఏదీ విసరకూడదు. కింద ఎప్పుడూ జనమే.

బంతి చేయి వదిలేటప్పుడు దాని వేగం సెకనుకు 15 మీటర్లు. భూమి దాన్ని ఆ క్షణం నుంచే కిందికి లాగుతుంటుంది. ఆ లాగుడుకు పైకి పోయే వేగం ప్రతి సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున తగ్గుతుంది. లెక్క నోటితో చేసుకునేలా దాన్ని 10 అందాం. గాలి అడ్డుపడటాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. అప్పుడు 'స' సెకన్లు గడిచాక బంతి నేల నుంచి ఎంత ఎత్తున ఉంటుందంటే:

ఎత్తు = 20 + 15స − 5స²

ఇందులో మూడు ముక్కలున్నాయి. 20 అనేది బంతి బయలుదేరిన ఎత్తు. 15స అనేది భూమి లాగకుండా ఊరుకుంటే బంతి ఎక్కి ఉండే ఎత్తు. 5స² అనేది భూమి వెనక్కు తీసేసుకున్న ఎత్తు. ఈ చివరి ముక్కలో 'స' మీద 2 కూర్చుంది గనక ఇది వర్గ ప్రమేయం. కాలాన్ని అడ్డంగా, ఎత్తును నిలువుగా పెట్టి గ్రాఫు గీస్తే వచ్చే వంపు గీతే పరావలయం. ఆ గీత నిలువు అక్షాన్ని ఎక్కడ కోస్తుంది, అడ్డం అక్షాన్ని ఎక్కడ కోస్తుంది అన్నదే అంతరఖండాల ప్రశ్న.

ఇక్కడొక తిరకాసు ఉంది, ముందే చెప్పుకుందాం. మన బంతి నిట్టనిలువుగా పోయింది, నిట్టనిలువుగానే వచ్చింది. గాల్లో దాని దారి ఒక తిన్నని గీత. కాగితం మీద మాత్రం అది వంపు తిరిగింది. ఎందుకంటే కాగితం మీద మనం గీసింది బంతి నడిచిన దారి కాదు, ఏ క్షణానికి ఎంత ఎత్తున ఉందో చెప్పే పట్టిక. ఇది తెలియక చాలామంది పిల్లలు గ్రాఫు చూసి బంతి పక్కకు పోయి పడిందనుకుంటారు. మా పిల్ల కూడా అట్లాగే అనుకుంది.

నిలువు అక్షం సంగతి చిన్నదే. 'స'కు 0 ఇస్తే చాలు, మిగతా ముక్కలు రెండూ మాయమై 20 మిగులుతుంది. ఏ వర్గ ప్రమేయానికైనా ఇంతే, 'స' తోడు లేకుండా ఒంటరిగా ఉన్న సంఖ్యే నిలువు అంతరఖండం. కష్టం లేకుండా వచ్చింది కాబట్టి పిల్లలు దాన్ని లెక్కచెయ్యరు గానీ, కథ ఎక్కడ మొదలైందో చెప్పేది అదే.

అడ్డం అక్షం దగ్గరే అసలు పని ఉంది. అక్కడ ఎత్తు సున్నా. అంటే బంతి నేల మీద ఉండే క్షణాలు ఏవి అని అడుగుతున్నాం.

20 + 15స − 5స² = 0

అంతా −5తో భాగిస్తే స² − 3స − 4 = 0. లబ్ధం −4, మొత్తం 3 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. 4, −1. బంతి 4 సెకన్లకు నేలను తాకుతుంది. మరి ఆ −1?

"అది కొట్టెయ్యాలె తాతా. టైము మైనస్ ఉండదు" అంది మా మనవరాలు, బడిలో నేర్పినట్టే. పరీక్షకు అది సరైన జవాబే. కానీ కొట్టేసే ముందు ఆ సంఖ్య ఏం చెప్పాలనుకుంటోందో ఒకసారి వినాలని నా పట్టు.

సమీకరణానికి మన చార్మినార్ తెలియదు, మన చేయి తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: సున్నా క్షణంలో ఒక బంతి 20 మీటర్ల ఎత్తున, సెకనుకు 15 మీటర్ల వేగంతో పైకి పోతోంది. అంతకుముందు ఆ బంతి ఎక్కడుందని మనం చెప్పలేదు. అందుకని అది తనంతట తానే వెనక్కు లెక్కగట్టింది. ఈ బంతి ఎవరి చేతిలోంచో కాక నేల మీంచే ఎగిరి వచ్చి ఉంటే, నేలను ఎప్పుడు వదిలి ఉండాలి? ఒక సెకను ముందు. ఏ వేగంతో? ఒక సెకనులో 10 తగ్గి 15 మిగిలిందంటే మొదట 25 ఉండాలి. సరిచూద్దాం. సెకనుకు 25 మీటర్ల వేగంతో నేల నుంచి విసిరిన బంతి ఒక సెకనుకు 25 − 5, అంటే సరిగ్గా 20 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అప్పటికి దాని వేగం 15. అంటే పైనున్న మనిషి విసిరిన బంతికీ, ఒక సెకను ముందు కింది మనిషి విసిరిన బంతికీ ఆ తర్వాత ఏమాత్రం తేడా ఉండదు. రెండూ కలిసే పోతాయి, కలిసే పడతాయి.

ఇంకా ఉంది. 4 సెకన్లకు నేలను తాకేటప్పుడు బంతి వేగం ఎంత? 15 నుంచి 40 తీసేస్తే −25. కిందికి 25. నేలను వదిలినప్పుడు పైకి 25, నేలను చేరినప్పుడు కిందికి 25. కొట్టెయ్యమన్న −1 లేకపోతే ఈ సౌష్ఠవం మన కంటికి కనబడేదే కాదు. ఆ రెండు అంతరఖండాలకు సరిగ్గా నడిమధ్య ఏముందో చూడండి: 4, −1 కలిపి సగం చేస్తే 1.5. బంతి అత్యంత ఎత్తున ఉండే క్షణం అదే. అప్పటి ఎత్తు 20 + 22.5 − 11.25, అంటే 31.25 మీటర్లు. ఈ అత్యంత ఎత్తైన బిందువుకు, అంటే శీర్షానికి, వేరే సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు, రెండు అంతరఖండాల నడుమ చూస్తే దొరుకుతుంది.

అక్కర్లేని మూలాన్ని, అంటే సమీకరణం ఇచ్చిన జవాబును, ఏం చెయ్యాలన్న తగువు ఈనాటిది కాదు. 820 ప్రాంతంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు 10 రెట్లు కలిపితే 39 అయ్యే లెక్కను బొమ్మ వేసి చేశాడు. ఒక చదరం, దాని రెండు పక్కలా 5 వెడల్పున్న రెండు దీర్ఘచతురస్రాలు. మూలన ఖాళీ మిగిలింది, అది 5 బై 5, అంటే 25. ఆ మూల కూడా నింపేస్తే మొత్తం 64 వైశాల్యమున్న పెద్ద చదరం అవుతుంది, దాని భుజం 8. 8లోంచి 5 తీస్తే 3. జవాబు 3. రెండో జవాబు −13 ఉంది గానీ, నేల మీద గీసిన చదరానికి −13 భుజం ఉండదు గనక ఆయన దాని జోలికి పోలేదు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు ఋణ సంఖ్యలను కూడటానికీ తీయడానికీ గుణించడానికీ నియమాలు రాసి పెట్టాడు. అయినా ఆ సంఖ్యలు మనుషుల మనసుకెక్కడానికి చాలా కాలం పట్టింది.

భాస్కరాచార్యుడి బీజగణితంలో ఒక కోతుల లెక్క ఉంది. నాకు ఎంతో ఇష్టమైన లెక్క. ఒక కోతుల మందలో అయిదో వంతు తీసుకుని, అందులోంచి మూడు తగ్గించి, దాని వర్గమంత కోతులు గుహలోకి పోయాయి. ఒకటి కొమ్మ మీద కనిపిస్తోంది. మొత్తం ఎన్ని? లెక్క చేస్తే 50 అనీ, 5 అనీ రెండు జవాబులొస్తాయి. 50తో చూడండి: అయిదో వంతు 10, మూడు తీస్తే 7, వర్గం 49, కొమ్మ మీది ఒకటితో 50. సరిపోయింది. 5తో చూడండి: అయిదో వంతు 1, మూడు తీస్తే −2, వర్గం 4, ఒకటితో 5. అంకెల్లో ఇదీ సరిపోయింది! అయినా భాస్కరుడు 5ను వద్దన్నాడు. ఒక కోతిలోంచి మూడు కోతులు తగ్గించడం లోకం ఒప్పుకోదన్నాడు. రెండు జవాబులనూ తేల్చి, రెంటినీ చూపించి, ఆ తర్వాతే ఒకటి పక్కన పెట్టి, ఎందుకు పెట్టాడో కూడా చెప్పాడు. పిల్లలకు నేర్పవలసిన పద్ధతి ఇదేనని నా గట్టి నమ్మకం.

మళ్లీ మన బంతి దగ్గరికి వద్దాం. సున్నా ఎత్తు అంటే నేలే ఎందుకు కావాలి? విసిరిన మనిషి తను నిలబడ్డ చోటునే సున్నా అనుకుంటే? అప్పుడు ప్రమేయంలో 20 పోతుంది, 15స − 5స² మిగులుతుంది. దాని అంతరఖండాలు 0, 3. అంటే బంతి చేయి వదిలిన క్షణం ఒకటి, తిరిగి అదే ఎత్తుకు వచ్చిన క్షణం ఒకటి. బంతి మారలేదు, విసురు మారలేదు, అంతరఖండాలు మాత్రం −1, 4 నుంచి 0, 3కు మారాయి. నడిమి క్షణం 1.5 మాత్రం కదల్లేదు. అంతరఖండం అనేది బంతి సొత్తు కాదు, మనం సున్నా ఎక్కడ పెట్టుకున్నామో దాన్నిబట్టి వచ్చేది. దీన్ని పాఠ్యపుస్తకాలు ఇంకా వివరంగా చెప్పాలని నాకెప్పటినుంచో ఉంది.

సున్నా గీతను ఇంకా పైకి జరుపుకుంటూ పోదాం. 31.25 మీటర్ల ఎత్తున పెడితే? ఎత్తు 31.25 ఎప్పుడవుతుందని అడిగితే స² − 3స + 2.25 = 0 వస్తుంది. ఇది (స − 1.5) వర్గమే. ఒకే ఒక్క జవాబు, 1.5. బంతి ఆ ఎత్తును దాటిపోదు, ఒక్కసారి తాకి దిగిపోతుంది. ఇంకా పైకి, 40 మీటర్ల దగ్గర పెడితే? స² − 3స + 4 = 0. ఇప్పుడు సూత్రంలో వర్గమూలం కింద 9 − 16, అంటే −7 వస్తుంది. దాన్నే పుస్తకంలో విచక్షణి అంటారు. పిల్లలు ఇక్కడ "వాస్తవ మూలాలు లేవు" అని రాసి పేజీ తిప్పేస్తారు. ఆ మాటకు అర్థం ఇంతే: ఈ బంతి 40 మీటర్ల ఎత్తుకు ఎన్నడూ చేరదు. −7 అనే చిన్న అంకె అంత పెద్ద సంగతి చెబుతోంది. విసిరి చూడనక్కర్లేదు.

850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఉన్న మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఈ మాట తేటగా చెప్పాడు: ఋణ సంఖ్య తన స్వభావం చేతనే వర్గం కాదు, అందువల్ల దానికి వర్గమూలం లేదు. ఆ గ్రంథాన్నే తర్వాతి కాలంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో చదువుకున్న జాతి మనది. మా పిల్లకు ఈ సంగతి చెబితే "పద్యాలల్లనా, లెక్కలా!" అని నోరు తెరిచింది.

ఇక కనుక్కునే విధానాల గురించి. కారణాంకాలు తోస్తే అంతకన్నా సుఖం లేదు. తోచకపోతే? బడిలో సూత్రం ఇస్తారు. ఆ సూత్రం వెనకున్న ఉపాయం శ్రీధరాచార్యుడిది. ఆయన బీజగణితం మనకు దొరకలేదు, కానీ భాస్కరుడు ఆయన పేరు చెప్పి ఆ నియమాన్ని మనకు అందించాడు. వర్గం ముందున్న సంఖ్యను నాలుగు రెట్లు చేసి, దానితో సమీకరణం రెండు వైపులా గుణించు, ఆపై మధ్య సంఖ్య వర్గాన్ని రెండు వైపులా కలుపు అంటాడు. మన స² − 3స = 4 తీసుకుంటే, 4తో గుణిస్తే 4స² − 12స = 16. మధ్య సంఖ్య 3, దాని వర్గం 9 కలిపితే ఎడమ వైపు (2స − 3) వర్గం, కుడి వైపు 25. వర్గమూలం 5 గానీ −5 గానీ. అక్కణ్నుంచి 4, −1 వచ్చేశాయి. ఎక్కడా భిన్నం తగల్లేదు చూడండి. అదే దీని అందం.

నాకు మాత్రం ఇంకో దారి నచ్చుతుంది. దాని జాడ నాలుగు వేల ఏళ్ల నాటి బాబిలోనియా మట్టి పలకల్లో ఉంది. రెండు మూలాల మొత్తం 3 అని సమీకరణం చూడగానే తెలుస్తుంది. అంటే వాటి నడిమి చోటు 1.5. ఒక మూలం దానికి ఎంత ఎడమన ఉంటే రెండోది అంత కుడిన ఉండాలి. ఆ దూరం 'దూ' అనుకుంటే మూలాలు 1.5 − దూ, 1.5 + దూ. వాటి లబ్ధం −4 అని కూడా తెలుసు. 2.25 − దూ² = −4. దూ² = 6.25. దూ = 2.5. ఇటు 2.5 పోతే −1, అటు 2.5 పోతే 4. సూత్రం గుర్తుండనక్కర్లేదు. గీత మధ్యన నిలబడి రెండు వైపులకూ సమానంగా అడుగులేయడమే. మా పిల్ల ఇది చూశాక తన నోటుబుక్కులోని లెక్కలన్నీ మళ్లీ ఈ దారిలోనే చేసింది.

చార్మినార్ నుంచి కొంచెం ఉత్తరానికి నడిస్తే చార్‌కమాన్. నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్, నీటి తొట్టి. అట్లాంటి తొట్టిలో ఫౌంటెన్ గొట్టం నుంచి ఏటవాలుగా ఎగిసే నీటి ధారను చూడండి. ఈసారి మన కంటికి కనిపించేది నిజంగానే నీరు నడిచిన దారి, అదీ పరావలయమే. ఒక ధార ఎత్తు 2దూ − దూ² అనుకుందాం. ఇక్కడ 'దూ' అంటే గొట్టం నుంచి మీటర్లలో దూరం. నీళ్లు ఎక్కడ పడతాయని అడిగితే చాలామంది పిల్లలు 2దూ = దూ² అని రాసి, రెండు వైపులా 'దూ'తో భాగించి, దూ = 2 అని తేల్చేస్తారు. 2 మీటర్ల దూరాన పడతాయి, నిజమే. కానీ ఒక అంతరఖండం జారిపోయింది, సున్నా. నీరు బయలుదేరిన గొట్టం మూతే అది. తెలియని రాశితో భాగించేటప్పుడు అది సున్నా కావచ్చేమోనని చూసుకోకపోతే ఇట్లాగే ఒక మూలం పోతుంది. భాగించకుండా దూ(2 − దూ) = 0 అని విడగొడితే రెండూ దక్కుతాయి.

చార్‌కమాన్ పేరెత్తాం గనక ఒక మాట. వర్గ ప్రమేయాల పాఠంలో కమాను బొమ్మలు కనిపిస్తుంటాయి. దాంతో పిల్లలు ప్రతి కమానూ పరావలయమే అనుకుంటారు. చార్మినార్ కమాను పరావలయం కాదు. దాని కొన చూడండి, మొనదేలి ఉంటుంది. పరావలయానికి మొన ఉండదు, శీర్షం దగ్గర నున్నగా తిరుగుతుంది. కుతుబ్‌షాహీల మేస్త్రీలు వేర్వేరు కేంద్రాల నుంచి గీసిన వృత్తచాపాలను కలిపి ఆ కమానులు తీర్చారు. 1578లో మూసీ మీద కట్టిన పురానాపుల్ 22 కమానులదీ ఆ సంప్రదాయమే. వాటి అందం వాటిది, పరావలయం పేరు తగిలించనక్కర్లేదు.

విసిరిన వస్తువు దారి పరావలయమని 1638లో గెలీలియో తన రెండు కొత్త శాస్త్రాల గ్రంథంలో నిరూపించాడు. అప్పటికి ఆయన చూపు పోయింది, గృహనిర్బంధంలో ఉన్నాడు. ఆ పుస్తకం అచ్చయిన యాభై ఏళ్లలోపే, 1687లో, ఔరంగజేబు సేన సుమారు ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించింది. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందన్నది అంతరఖండం ప్రశ్నే. అయితే అంత వేగంగా పోయే గుండుకు గాలి గట్టిగా అడ్డుపడుతుంది. మనం ఇందాక పక్కన పెట్టిన గాలి అక్కడ ఊరుకోదు. గుండు పరావలయం చెప్పిన చోటికన్నా బాగా ముందే పడుతుంది. ఆఖరికి కోట పడింది కూడా ఫిరంగుల వల్ల కాదు, లోపలివాళ్లు రాత్రివేళ తలుపు తెరవడం వల్ల.

ఇప్పటిదాకా గీత ఇచ్చి అంతరఖండాలు అడిగాం. తిరగేసి అడిగితే? అంతరఖండాలు తెలిస్తే గీత దొరుకుతుందా? దొరుకుతుంది, అందుకు మా గల్లీలోనే ఉదాహరణ ఉంది. కేబుల్ టీవీ వాళ్ల మేడ మీద పెద్ద డిష్ చూశారు కదా. అది పరావలయాన్ని దాని ఇరుసు చుట్టూ తిప్పితే వచ్చే ఆకారం. ఆకాశం నుంచి తిన్నగా వచ్చే తరంగాలు ఆ గిన్నెలో ఎక్కడ తగిలినా ఒకే బిందువుకు చేరతాయి. ఆ బిందువు నాభి. సిగ్నల్ పట్టే పెట్టెను అక్కడే బిగించాలి.

ఈ గుణం గురించి సుమారు వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్ హైథమ్ రాశాడు. బస్రాలో పుట్టి కైరోలో బతికిన పండితుడు. ఎండను ఒకే చోట పోగేసి మంట పుట్టించే పరావలయ అద్దాల మీద ఆయన అరబీలో రాసిన గ్రంథం, ఆయన మరికొన్ని రచనలతో కలిపి, 1938లో అచ్చయింది. ఎక్కడో కాదు, మన హైదరాబాదులోనే. 1888లో ఇక్కడ మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ పాత అరబీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసే సంస్థ. అల్ బిరూనీ ఖగోళ గ్రంథాన్నీ, నసీరుద్దీన్ తూసీ గణిత గ్రంథాలనూ లోకానికి అచ్చులో అందించింది అదే. ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. పరావలయ అద్దాల మీది ఆ అరబీ గ్రంథం హైదరాబాదులో అచ్చయిందంటే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది. మన పిల్లలకు ఈ సంగతి ఏ పాఠంలోనూ తగలకపోవడం బాధగానూ ఉంటుంది.

డిష్ లెక్కకు వద్దాం. అంచు నుంచి అంచుకు 240 సెంటీమీటర్లు, అంటే సుమారు 8 అడుగుల డిష్. రెండు అంచుల మీదుగా ఒక దారం బిగించి, నడిమధ్యన దారం నుంచి అడుగు దాకా కొలిస్తే లోతు 40 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ఆ దారమే అడ్డం అక్షం, దాని మధ్య బిందువే సున్నా. గీత అక్షాన్ని కోసే చోట్లు −120, 120. నిలువు అంతరఖండం −40. కొలతలు ఇంతే, మూడు బిందువులు. అంతరఖండాలు తెలుసు గనక గీతను ఇట్లా రాయొచ్చు: ఎత్తు = క(దూ − 120)(దూ + 120). ఇందులో 'క' ఎంతో తేలాలి. 'దూ'కు 0 ఇస్తే కుడి వైపు −14,400 క. అది −40 కావాలి. కాబట్టి క అంటే 360లో ఒకటో వంతు. గీత మొత్తం చేతికి వచ్చేసింది.

నాభి దూరానికి ఒక చిన్న నియమం ఉంది: 1ని 'క'కు నాలుగు రెట్లతో భాగించాలి. 360ని 4తో భాగిస్తే 90. డిష్ అడుగు నుంచి సరిగ్గా 90 సెంటీమీటర్ల ఎత్తున పెట్టె బిగించాలి.

"లోతు తప్పు కొలిస్తే ఏమైతది తాతా?" అంది మా మనవరాలు. నన్ను చెప్పనివ్వకుండా తనే చేసింది. 40కి బదులు 36 అని కొలిచామనుకుంటే, 14,400ను 36తో భాగిస్తే 400, దాన్ని 4తో భాగిస్తే 100. లోతులో 4 సెంటీమీటర్ల తప్పుకు పెట్టె 10 సెంటీమీటర్లు పైకి పోయింది. తరంగాలు చేరే చోటు ఒకటి, పెట్టె ఉన్న చోటు ఇంకొకటి, టీవీలో బొమ్మ రాదు. వెడల్పులో తప్పు జరిగితే ఎంత తేడా వస్తుందో కూడా చూస్తానని అప్పుడే ఇంకో కాగితం తీసింది. 240కి బదులు 236 అని పెట్టి మీరూ చేసి చూడండి. నాభి సుమారు 3 సెంటీమీటర్లు మాత్రమే జరుగుతుంది. డిష్ బిగించేటప్పుడు లోతును రెండుసార్లు కొలవాలి.